అమ్మగారి దవడ పన్నుకి ఏ క్యాప్ మంచిది?

అమ్మగారి కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ అయ్యింది, అమలాపురంలో డాక్టరు గారు మెటల్, సిరామిక్, జిర్కోనియా మూడూ చెప్పి మీ ఇష్టం అన్నారు, ఎటూ తేలడం లేదని అడిగారు కదండీ. నేనైతే జిర్కోనియా అంటాను, అంటే పన్ను రంగులో ఉండే బాగా గట్టి రకం. అదీ మొత్తం జిర్కోనియాతో చేసింది, పైన పింగాణీ పొర వేసింది కాదు.

మీకు సిరామిక్ అని చెప్పింది చాలావరకు లోపల మెటల్, పైన పింగాణీ ఉండే రకం. మా అమ్మకి అదే వేయించాం. మూడో ఏడు ఎండుకొబ్బరి ముక్క కొరికితే పెచ్చు లేచిపోయింది. నాలుకకి గరుగ్గా తగులుతుంటే అన్నం తినాలన్నా బెంగే. చిగురు దగ్గర నల్ల గీత సరేసరి.

డబ్బు ఇబ్బందైతే మెటల్‌ని తీసిపారేయకండి. పన్నుని తక్కువ అరగదీస్తారు, పెచ్చులూడదు, వెనక పన్ను కాబట్టి పెద్దగా కనబడదు. కాకపోతే గిల్టు దుద్దులు పెడితే అమ్మగారికి చెవులు దురద పెడతాయేమో అడగండి. చౌక మెటల్ క్యాపుల్లో తరచుగా నికెల్ ఉంటుంది, అలాంటివాళ్లకి పడకపోవచ్చు. డాక్టరుకి ముందే చెప్పాలి.

ఏది వేయించినా, అతికించే రోజు రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. అప్పుడు మా అమ్మ మొహమాటానికి "బాగానే ఉంది బాబూ" అనేసింది, తర్వాత వారం రోజులు దవడ నొప్పి. కాస్త ఎత్తు అనిపించినా అక్కడే చెప్పమనండి.

క్యాప్ పడేదాకా ఆ వైపు గట్టివి నమలనివ్వకండి. పన్ను వేరు దాకా చీలితే సాధారణంగా పీకించడమే అవుతుంది.