అతని కథలో ఆమెను చదవవచ్చా?

ప్రశ్న: ఇటీవల ఒక నవల చదివాను. అందులో కథానాయకుడు సైనికుడు. దృఢకాయుడు, మితభాషి, యుద్ధంలో పేరు తెచ్చుకున్నవాడు. కానీ అతడు అద్దంలోకి చూడడు, గడ్డం గీసుకునేటప్పుడు కూడా కళ్లు మూసుకుంటాడు. ఎవరైనా పూర్తి పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆగి పలుకుతాడు. చిన్ననాడే చనిపోయిన చెల్లెలి పేరుతో సంతకం చేసి, ఎవరికీ పంపని ఉత్తరాలు రాసుకుంటాడు. చదువుతున్నకొద్దీ ఆ పాత్ర నాకు, తానెవరో ఇంకా పైకి చెప్పుకోలేని ట్రాన్స్ స్త్రీగా, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అనిపించుకున్నా తాను స్త్రీనని ఎరిగిన మనిషిగా కనిపించింది. ఈ మాట పుస్తక మిత్రుల దగ్గర అంటే, రచయిత అలా ఎక్కడా చెప్పలేదనీ, అంత మగతనమున్న మనిషిని స్త్రీ అనడమేమిటనీ, అతనికి భార్య ఉంది కదా అనీ అన్నారు. "మగవాడు చెల్లెలి కోసం దుఃఖపడినా వాణ్ణి మగవాడిగా ఉండనివ్వరా?" అని ఒకాయన అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. దీని మీద ఒక వ్యాసం రాయాలని ఉంది. నా పఠనం తప్పా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ మిత్రులు చెప్పిన నాలుగు అభ్యంతరాలలో మూడింటికి సమాధానం కష్టం కాదు. నాలుగోది బరువైనది, దాన్ని దాటవేసి వ్యాసం రాస్తే ఆ వ్యాసం నిలవదు.

రచయిత చెప్పలేదన్నది పాత వాదమే. రచయిత ఉద్దేశం రచనను తూచే తూనిక కాజాలదని అమెరికన్ విమర్శకులు విమ్సాట్, బియర్డ్‌స్లీ 1946లోనే వాదించారు. అయితే మీ విషయానికి సిద్ధాంతం కంటే ఒక సినిమా చరిత్ర ఎక్కువ ఉపయోగపడుతుంది. 1999లో 'ది మేట్రిక్స్' విడుదలైనప్పుడు దాని దర్శకులిద్దరినీ లోకం అన్నదమ్ములుగానే ఎరుగును. వారిలో లానా వచోవ్‌స్కీ 2012లో, లిల్లీ వచోవ్‌స్కీ 2016లో తాము ట్రాన్స్ స్త్రీలమని బహిరంగంగా చెప్పారు. ఆ కథలో మొదటి నుంచీ ఉన్న ఉద్దేశం ట్రాన్స్ అనుభవమేనని లిల్లీ 2020లో స్పష్టం చేశారు. కానీ అంతకు ఎంతో ముందే కొందరు ప్రేక్షకులు ఆ నాయకుణ్ణి ట్రాన్స్ స్త్రీగా చదివారు. అధికారం చేతిలో ఉన్నవాడు పట్టుబట్టి పాత పేరుతోనే పిలుస్తూ ఉంటే, చావు ముంగిట నిలబడి తాను ఎంచుకున్న పేరే తన పేరని ఆ పాత్ర ప్రకటించే ఘట్టాన్ని వారు ఆధారంగా చూపారు. ఆ చదువు 2020 వరకు తప్పుగా ఉండి మర్నాటి నుంచి ఒప్పయిందని ఎవరూ అనలేరు. ఆధారం మొదటి రోజు నుంచీ తెర మీదే ఉంది. రచయిత మాట ఒక సాక్ష్యం. తీర్పు మాత్రం కాదు.

భార్య ఉండడం, మగతనం ఉట్టిపడడం అన్న రెండు అభ్యంతరాలకూ ఒకే జీవితం జవాబు చెబుతుంది. ట్రాన్స్ స్త్రీ అయిన బ్రిటిష్ రచయిత్రి జాన్ మోరిస్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేశారు. 1953లో ఎవరెస్టును తొలిసారి అధిరోహించిన బృందం వెంట విలేకరిగా వెళ్లి ఆ విజయవార్తను లోకానికి పంపారు. 1949లో ఎలిజబెత్‌ను పెళ్లాడి బిడ్డలను కన్నారు. 1972లో లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకుని, 1974లో ప్రచురించిన ఆత్మకథలో, తాను స్త్రీనన్న ఎరుక తనకు మూడు నాలుగేళ్ల వయసు నుంచే ఉందని రాశారు. ఇద్దరు స్త్రీల పెళ్లిని అప్పటి చట్టం ఒప్పుకోనందున విడాకులు తీసుకోవలసి వచ్చినా ఎలిజబెత్, ఆమె కలిసే జీవించారు. 2008లో తమ బంధాన్ని పౌర భాగస్వామ్యంగా, అంటే పెళ్లి వంటి చట్టబద్ధ బంధంగా మళ్లీ నమోదు చేసుకున్నారు. తాను ఎవరన్నది ఒక సంగతి, ఎవరిని ప్రేమిస్తారన్నది వేరే సంగతి. సైన్యంలో చేరిన ట్రాన్స్ స్త్రీల గురించి అమెరికన్ మానసిక వైద్యుడు జార్జ్ బ్రౌన్ 1988లో ఒక వ్యాసం రాశారు. లోపలి స్త్రీని అణచివేయడానికి కొందరు అతి కఠినమైన మగతనంలోకి పారిపోతారని అందులో ఆయన ప్రతిపాదించారు. కాబట్టి మీ సైనికుడి దేహదారుఢ్యం మీ పఠనాన్ని కొట్టివేయదు. అలాగని బలపరచనూ బలపరచదు; ప్రతి దృఢకాయుడూ ఏదో దాచుకుంటున్నాడని అనుకోవడం మొదలుపెడితే అది పఠనం కాదు, అనుమానం అవుతుంది.

ఇక నాలుగో అభ్యంతరం. ఆ పెద్దమనిషి ఆవేదనలో న్యాయముంది. ఏడ్చే మగవాణ్ణి, పసిబిడ్డను లాలించే మగవాణ్ణి, పూలను ఇష్టపడే మగవాణ్ణి చూసి వీరు నిజానికి స్త్రీలే అనడం, సౌకుమార్యం స్త్రీల సొత్తు అన్న పాత నమ్మకాన్నే కొత్త మాటల్లో చెప్పడం అవుతుంది. దాని వల్ల ట్రాన్స్ స్త్రీలకు గాని మగవారికి గాని మేలు లేదు. అందుచేత కన్నీళ్లను, కోమలత్వాన్ని, ఇష్టాయిష్టాలను మీ ఆధారాల నుంచి తొలగించండి. వేషం కూడా దానంతట అది ఆధారం కాదు. అర్జునుడు బృహన్నలగా గడిపిన ఏడాదికి కారణాలను, అజ్ఞాతవాస నియమంతో, ఊర్వశి శాపంతో, కథే చెబుతుంది. అక్కడ వేరే అర్థం చదవదలచినవారు ముందుగా ఆ కారణాలకు సమాధానం చెప్పుకోవాలి. ఇవన్నీ తీసివేసిన తరువాత మిగలవలసింది, ఆ పాత్రకు తన పేరుతో, తన దేహంతో, తనను ఇతరులు పిలిచే పిలుపుతో ఉన్న సంబంధం.

మీ సైనికుడి విషయంలో అది మిగులుతుందనే నాకు అనిపిస్తోంది, కాని ఒక్కొక్కటీ విడిగా చూస్తే బలహీనమే. అద్దాన్ని తప్పించుకోవడానికి యుద్ధంలో చేసినవాటి పట్ల అపరాధభావన చాలు. పేరు విని ఆగడానికి అలసట చాలు. అసలు పరీక్ష ఉత్తరాల దగ్గర ఉంది. వాటిని మళ్లీ చదివి, వాటిలో ఎవరి జీవితం ఉందో చూడండి. చెల్లెలు బతికి ఉంటే ఇప్పుడు ఎలా ఉండేదో, ఏం చదివేదో ఊహిస్తూ రాసినవైతే అది అన్నగారి దుఃఖం; దాన్ని అన్నగారి దుఃఖంగానే గౌరవించాలి. అలా కాక ఆ రోజు తాను నడిచిన దూరం, తన కాలి గాయం, తన నిద్రలేమి రాసి, కింద ఆ పేరు పెట్టి ఉంటే, ఆ పేరు చనిపోయినవారిని తలచుకోవడానికి కాక తాను బతకడానికి వాడుకుంటున్న పేరు అవుతుంది. బాధకు కారణాలు అనేకం ఉంటాయి గనుక బాధను బట్టి పాత్రను గుర్తుపట్టడం కష్టం. ఊరట ఎక్కడ దొరుకుతోందో చూస్తే గుర్తుపట్టడం సులభం. ఆ సంతకం చేసిన రాత్రి ఆ పాత్ర నిద్రపోతుందా? నవలలో ఆ వాక్యం ఉంటే మీ వ్యాసం అక్కడి నుంచి మొదలుకావాలి.

మీకు ఎదురు నిలిచే పుటలను దాచకండి. అమెరికన్ రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ 1904లో రాసిన, ఓజ్ అనే మాయాలోకపు పిల్లల కథల రెండవ పుస్తకంలో, టిప్ అనే బాలుడు నిజానికి శైశవంలో మంత్రగత్తె రూపు మార్చిన ఓజ్మా అనే రాకుమారి అని చివర తేలుతుంది. ఆ కథలో తమను చూసుకున్న ట్రాన్స్ పాఠకులు ఉన్నారు. కానీ సంగతి తెలిసిన క్షణంలో టిప్ సంతోషించడు; అబ్బాయిగానే ఉంటానని ప్రాధేయపడతాడు. ఆ బతిమాలుకోవడాన్ని వదిలేసిన వ్యాఖ్యానం ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే. అది భయమా, నిజమైన నిరాకరణా అని విచారించినది మాత్రం ఆ పుటలో మునుపు కనిపించనిదాన్ని చూపిస్తుంది. మీ నవలలోనూ అటువంటి చోటు ఉండే ఉంటుంది. దుఃఖంలో ఉన్న అన్నగా ఆ పాత్రను చదివే మీ మిత్రుడి పఠనాన్ని ఓడించవలసిన అవసరం కూడా మీకు లేదు, రెండూ ఒకే ఉత్తరాల మీద నిలబడగలవు.

ప్రశ్న: నేను ట్రాన్స్ స్త్రీని. కథలో మగవాడిగానే మొదలై మగవాడిగానే ముగిసిన ఒక పాత్రను చిన్నప్పటి నుంచీ ఆమెగానే ఊహించుకున్నాను. ఇప్పుడు ఆ పాత్ర గురించి రాయబోతే ప్రతి వాక్యం చివరా క్రియ నన్ను ఆపుతోంది. 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? నాకు అలా తోచిందంటే చాలదా, నిరూపించి తీరాలా?
— మరొక పాఠకురాలు

జవాబు: మీకు అలా తోచడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మీలాంటి మనుషులు కథల్లో కనిపించని రోజుల్లో ఒక పాత్రను మీరు తోడు తెచ్చుకున్నారు. అది మీదే, దానికి రుజువు అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ పాత్ర నిజంగా అలాంటిదేనని ఇతరులను ఒప్పించదలచినప్పుడే పై జవాబులోని ఆధారాల చర్చ మొదలవుతుంది. 'నేను ఆమెను ఇలా చూసుకున్నాను' అన్న వ్యాసం, 'కథ ఆమెను ఇలా చూపింది' అన్న వ్యాసం వేరువేరు. ఏది రాస్తున్నారో మొదటి పేరాలోనే చెప్పండి.

క్రియ విషయంలో మన భాష కొంత అడ్డం వస్తుంది, కొంత ఆదుకుంటుంది. ప్రథమ పురుష ఏకవచనంలో 'వచ్చాడు', 'వచ్చింది' అని తేల్చి చెప్పక తప్పదు. కానీ ఉత్తమ పురుషలో తెలుగు క్రియకు లింగం లేదు: 'నేను వచ్చాను' అన్న మాటను ఎవరైనా అనవచ్చు. హిందీలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ వెళ్తున్నానని చెప్పుకోవాలన్నా ఆడో మగో క్రియలోనే తేలిపోతుంది. అంటే తెలుగు కథలో పాత్రను మగవాణ్ణి చేసేది చాలాసార్లు కథకుడి గొంతే గాని, పాత్ర గొంతు కాదు. మీ పాత్ర స్వయంగా మాట్లాడే మాటలను మాత్రమే ఏరి ఒకసారి వరుసగా రాసి చూడండి. అందులో మగవాడినని తానుగా ఒక్కసారైనా అన్నదో లేదో తెలుస్తుంది. నాకైతే విమర్శలో ఇంతకంటే ఫలవంతమైన పని కనిపించదు.

రాసేటప్పుడు మూడు దారులున్నాయి. 'తను' అన్న మాట ఇరువురికీ చెల్లుతుంది, కాని క్రియ దగ్గరకు వచ్చేసరికి మళ్లీ చిక్కే. 'వచ్చారు' అన్న గౌరవరూపం ఆ చిక్కును తీరుస్తుంది, కాని మీరు చిన్నప్పటి నుంచీ దగ్గరగా ఉంచుకున్న పాత్రను దూరం చేస్తుంది. నా మొగ్గు మూడో దారి వైపు: కథలో జరిగినదాన్ని కథ మాటల్లో చెబుతున్నంతసేపూ 'అతడు' అనండి, మీ పఠనం మొదలయ్యే వాక్యం దగ్గర, ఎందుకు మారుస్తున్నారో ఒక్క మాట చెప్పి, అక్కడి నుంచి చివరి దాకా 'ఆమె' అనండి.