ఊపిరి తీసుకున్న చోటల్లా కామా పెట్టాలా?

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. చదివేటప్పుడు ఊపిరి తీసుకునే చోట కామా పెట్టమని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పారు. అలా పెడుతుంటే మాక్ టెస్టుల్లో ఇంగ్లిష్ మార్కులు పోతున్నాయి. ఎక్కడ కామా, ఎక్కడ సెమీకోలన్ అన్నది తేలక టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మాస్టారిని తప్పు పట్టనమ్మా, నాకూ అదే నేర్పారు. చిక్కేమిటంటే మనం తీసుకునేది తెలుగు ఊపిరి. 'నిన్న వచ్చిన అబ్బాయి' అన్నాక మన నోరు కాస్త ఆగుతుంది కాబట్టి 'ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే, ఈజ్ మై కజిన్' అని రాసేస్తాం. ఇంగ్లిష్‌లో కర్తకీ క్రియకీ మధ్య అలా ఒంటి కామా పెట్టకూడదు, తీసేయండి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడ: 'ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హాడ్ లెఫ్ట్.' తెలుగులో 'స్టేషన్‌కి చేరాను, రైలు వెళ్లిపోయింది' అంటే ఎవరూ ఏమీ అనరు గానీ, ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాల్ని ఒట్టి కామాతో అతికిస్తే 'కామా స్ప్లైస్' అని కొట్టేస్తారు. కామా తర్వాత 'బట్' తగిలించండి, లేదా కామా తీసి సెమీకోలన్ పెట్టండి. నన్నడిగితే ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేసేయడమే హాయి. 'హవెవర్' కూడా 'బట్' లాంటిదే అనుకుని చాలామంది బోల్తా పడతారు. రెండు వాక్యాల్ని కలిపేటప్పుడు దాని ముందు సెమీకోలన్, వెనక కామా ఉండాలి.

'ఐ ఆస్క్డ్ హిమ్ వేర్ హి వాజ్ గోయింగ్' చివర ప్రశ్నార్థకం పెట్టడం మన 'అని' చలవ. 'ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాను' అన్నప్పుడు ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది కదా! ఇంగ్లిష్‌లో అడిగిన సంగతి చెబుతున్నారంతే, ఫుల్‌స్టాప్ చాలు.

ఇక 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ గుంటూర్, ఈజ్ ఎ టీచర్' అంటే మీకు ఉన్నది ఒక్క తమ్ముడే. ఆ రెండు కామాలూ తీసేస్తే ఇంకో ఊళ్లో ఇంకో తమ్ముడు ఉన్నట్టు.

జాబితాలో చివరి 'అండ్', 'ఆర్' ముందు కామా పెట్టాలా అంటే రెండు పద్ధతులూ ఉన్నాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఓవర్‌టైమ్ చట్టంలో అలాంటి కామా ఒకటి లేక అర్థం రెండు రకాలుగా వచ్చింది. పాల కంపెనీ డ్రైవర్లు కేసు వేశారు, 2017లో అప్పీల్ కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది, మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మీరు మాత్రం ఏ పద్ధతి పట్టుకున్నా వ్యాసం చివరిదాకా అదే పాటించండి.