40 మీటర్ల బ్యాండ్‌లో ఏఎమ్‌కు చోటు లేదా? ఎందుకు లేదు!

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఉంటాను, హామ్ రేడియో లైసెన్సు కొత్తగా వచ్చింది. 40 మీటర్ల బ్యాండ్‌లో ఏఎమ్ వాయిస్‌కు విడిగా చోటు ఉండాలా, వద్దా?

ఉండాలి. తెలియనివాళ్ల కోసం: హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హాబీ, 40 మీటర్ల బ్యాండ్ అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు. ఎక్కువేం అక్కర్లేదు, పైభాగంలో అందరికీ తెలిసిన ఫ్రీక్వెన్సీ ఒక్కటి చాలు. నల్గొండ నుంచి ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

వద్దనేవాళ్ల లెక్క నాకు తెలియక కాదు. ఏఎమ్ అంటే పాత పద్ధతి: మధ్యలో కెరియర్ అనే ఖాళీ తరంగం, దానికి రెండు పక్కలా మాట మోసే సైడ్‌బ్యాండ్లు. ఎస్ఎస్‌బీ అంటే కెరియర్ తీసేసి ఒక్క సైడ్‌బ్యాండే పంపడం. ఎస్ఎస్‌బీకి 3 కిలోహెర్ట్జ్ సరిపోతుంది, ఏఎమ్ 6 తింటుంది. పూర్తి మాడ్యులేషన్ ఇచ్చినా పవర్‌లో మూడింట రెండు వంతులు కెరియర్‌కే పోతుంది, ఆ కెరియర్‌లో మాట ఉండదు. మన కెరియర్ ఎస్ఎస్‌బీ వాళ్ల ఫ్రీక్వెన్సీకి ఒక కిలోహెర్ట్జ్ పక్కన పడిందంటే వాళ్ల చెవిలో ఈల. అన్నీ నిజమే. కానీ చోటు లేదంటే మాత్రం ఒప్పుకోను. ఒకప్పుడు మన ప్రాంతపు హామ్‌లకు 7.000 నుంచి 7.100 మెగాహెర్ట్జ్ దాకే ఉండేది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2009 మార్చి 29 నుంచి ప్రసార కేంద్రాలు 7.200 పైకి జరిగాయి, మన బ్యాండ్ రెట్టింపయింది. 100 కిలోహెర్ట్జ్ ఉన్న రోజుల్లో చోటు లేదన్నారు, 200 అయ్యాక కూడా అదే పాట. ఇంకెంత వస్తే చోటుంటుందో వాళ్లే చెప్పాలి.

కొందరు ఇంటర్నెట్‌లో చూసి 7.290కి పొమ్మంటారు. అది అమెరికా ఏఎమ్ వాళ్ల అడ్డా. అక్కడ మనం మైకు నొక్కితే లైసెన్సు దాటినట్టే. ఆ అమెరికా చార్టునే ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ‘బ్యాండ్ ప్లాన్’ అని ఫార్వర్డ్ చేస్తుంటారు. అంతర్జాతీయ రేడియో విభజనలో మనం ఉన్నది రీజియన్ 3, అమెరికాది వేరే అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వారానికి అదే బొమ్మ.

ఇక ఏఎమ్ ఎందుకంటారా? చవక, సులువు అనే వాదన 2003లోనే పోయింది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే ఎస్ఎస్‌బీ సెట్టు డిజైన్ ఇచ్చాక, మామూలు దుకాణంలో దొరికే పార్టులతో ఎస్ఎస్‌బీ సెట్టు కూడా ఇంట్లోనే కట్టుకోవచ్చు. నా కారణం వేరు.

ఒక చలికాలం పొద్దున, విజయవాడ వైపు నుంచి నెట్ (హామ్‌లంతా రేడియోలో ఒకచోట కలిసి మాట్లాడుకునే సభ) నడిపే ఒకాయనతో ఇదే విషయం మీద పెద్ద వాదన పడింది. ఆయన ఎస్ఎస్‌బీలో, నేను 807 అనే పాత వాల్వుల సెట్టు మీద ఏఎమ్‌లో. మాటల మధ్య మా ఇల్లు దేవరకొండ రోడ్డులో అని కూడా చెప్పినట్టున్నాను. మధ్యాహ్నానికి గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మునుగోడు వైపు పల్లె. వేపచెట్టుకీ వాటర్ ట్యాంకుకీ మధ్య తీగ కట్టిన ఇల్లేదని అడుక్కుంటూ వచ్చాడట.

“పొద్దుగాల రేడియోల కొట్లాడింది నువ్వేనా బిడ్డా?”

నేనే అన్నాను.

“నీ మాట మంచిగ ఇనొచ్చింది. అవతలోడు బాతు లెక్క అరిచిండు, ఒక్క ముక్క సమజైతే ఒట్టు. జాగ కావాలె, ఆరు కావాలె అంటివి. ఆరు గుంటలేనా? ఎవరిది జాగ?”

భూమి పంచాయతీ అనుకున్నాడు! కొడుకులు అమ్మేయమని పోరుపెట్టే పాత షార్ట్‌వేవ్ రేడియో ఒకటుంది ఆయన దగ్గర. వెనకటికి రేడియో సిలోన్ కోసం తిప్పిన అలవాటుతో ఇప్పటికీ 41 మీటర్ల గీత చుట్టూ ముల్లు తిప్పుతుంటాడు, అక్కడ నేను దొరికాను. టీ తాగి, హైదరాబాద్‌లో ఉన్న మనవడికి సంక్రాంతికి రమ్మని ఇందులో చెప్పమన్నాడు. హామ్ రేడియోలో అట్లా బయటివాళ్ల కబుర్లు చేరవేయకూడదని చెబితే, “మరి ఇంత తీగ ఎందుకయ్యా?” అని చిరాకుపడి లేచాడు.

ఎస్ఎస్‌బీలో మీరెంత చక్కగా మాట్లాడినా ఆయన రేడియోలో బాతు అరుపే వినబడుతుంది. ఏఎమ్ అయితే ఏ పాత సెట్టులోనైనా మనిషి గొంతులా వస్తుంది. మన సంభాషణలు సాటి హామ్‌లతోనే, ఇది ప్రసారం కాదు, సరే. అయినా ఈ హాబీ ఒకటుందని ఊళ్లో జనానికి చెవిన పడే దారి ఇంకేముంది? వినేవాడే లేకపోతే కొత్తవాడు ఎక్కణ్నుంచి పుడతాడు?

అసలు బ్యాండ్‌ను పాడుచేస్తున్నది ఏఎమ్ కాదు, చవక ఎల్‌ఈడీ బల్బులూ ఫోన్ చార్జర్లూ. మా వీధిలో సాయంత్రమైతే రిసీవర్‌లో గరగర తప్ప ఏమీ ఉండదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. రైతుకు మేలే, కాదనను. కానీ కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద సెట్టు పెడితే వచ్చే ఆ శుభ్రమైన బ్యాండ్ మళ్లీ దొరకలేదు. దీని మీద ఒక్కరూ నెట్‌లో పోట్లాడరు, ఏఎమ్ కెరియర్ వినబడితే మాత్రం లేచి వస్తారు.

మీ సంగతికి వస్తే, 10 మీటర్ల బ్యాండ్‌లో బోలెడు ఖాళీ ఉంది, అక్కడికి పొమ్మంటారు. వినకండి. అక్కడ సిగ్నల్ కర్నూలు, బెంగళూరు మీదుగా దూకి ఎక్కడో దూరాన దిగుతుంది. మన దగ్గరి ఊళ్లకు పగటి పూట 40 మీటర్లే పని చేస్తుంది. 7.150 పైన చూసుకోండి, అత్యవసరాలకు వాడే 7.110 జోలికి పోవద్దు. ఖాళీగా ఉందా అని ముందు ఎస్ఎస్‌బీలోనే అడగండి, ఈల గొడవ ఉండదు. 100 వాట్ల సెట్టు అయితే కెరియర్ 25 వాట్ల దగ్గర ఆపండి, మాట శిఖరానికి వెళ్లినప్పుడు అదే 100 అవుతుంది. కెరియర్ 7.196 దాటనివ్వకండి. 7.198లో పెడితే పై సైడ్‌బ్యాండ్ మన హద్దు దాటి ప్రసార కేంద్రాల వైపు పోతుంది, అప్పుడు విజయవాడ ఆయన పక్షాన నేను కూడా తిడతాను.