ఆల్ప్స్‌లో దాగిన సముద్రపు అంచు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఆల్ప్స్ పర్వతాల్లో మిగిలిన జురాసిక్ కాలపు ఖండపు అంచు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. విషయసేకరణ బాగుంది. చిక్కల్లా కథ నడిపిన తీరులోనే ఉంది. ఖండం సాగింది, చీలింది, టెథిస్ సముద్రం ఏర్పడింది, అది మూసుకుపోయి కొండలు లేచాయి అంటూ కాలక్రమంలో చెప్పుకుపోయావు. భూగర్భశాస్త్రజ్ఞుడు చివరికి చేరుకునే తీర్మానం అది. ఆయన మొదలుపెట్టేది ఈనాటి కొండ దగ్గర. ఒకదానిపై ఒకటి ఎక్కిన శిలాఫలకాలను, అన్నిటికంటే ఆలస్యంగా కదిలినదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పాత చోటికి జరుపుతూ, ఎక్కడా ఖాళీ మిగలకుండా పొరలన్నీ అమిరేదాకా వెనక్కి వెళతాడు. పాఠకుణ్ణీ ఆ దారినే తీసుకువెళ్లు.

ఏ భ్రంశం (రాళ్లు విరిగి జరిగిన పగులు) ఖండాన్ని సాగదీసింది, ఏది తర్వాతి ఖండాల తాకిడిలో పుట్టింది అన్నది ఎలా తెలిసిందో నీ వ్యాసంలో లేదు. స్విట్జర్లాండ్ ఆగ్నేయాన ఉన్న ఎర్ ప్రాంతాన్నే చూడు. అక్కడ తక్కువ వాలుతో సాగే ఒక భ్రంశం వెంట గ్రానైట్ నలిగి, కొన్నిచోట్ల నల్లని పిండిలా మారింది. అలా నలిగిన రాతి ముక్కలు పైన పేరుకున్న జురాసిక్ అవక్షేపాల్లోనూ ఇరుక్కుని కనిపిస్తాయి. అంటే కొండలు లేవడానికి ఎంతో ముందే ఆ భ్రంశతలం సముద్రపు అడుగున బయటపడిందన్నమాట. ఇంత గట్టి సాక్ష్యాన్ని నువ్వు ఒక్క ఉపవాక్యంలో దాటేశావు (శాస్త్ర వ్యాసాల్లో మంచి ఆధారాలకు తరచు ఈ గతే పడుతుంది). దానికి రెండు పేరాలు ఇచ్చినా ఎక్కువ కాదు. భ్రంశం కదులుతుండగా పేరుకున్న పొరలు దాని వైపు మందమెక్కుతాయన్న విషయానికి మాత్రం ఒక బొమ్మ చాలు.

పక్కనున్న ప్లాట్టా ప్రాంతంలో చాలాచోట్ల ఆ అవక్షేపాల కింద ఉన్నది నీటితో కలిసి సర్పెంటినైట్ అనే రాయిగా మారిన మాంటిల్ (భూపటలం కింది పొర) శిల. భ్రంశాలు భూపటలాన్ని పలచబరచి, చివరికి మాంటిల్‌నే సముద్రపు అడుగుకు చేర్చాయి. 1985లో స్పెయిన్ వాయవ్యాన, గలీషియా తీరానికి ఎదుట సముద్రగర్భాన్ని తొలిచినప్పుడూ అలాంటి మాంటిల్ శిలే, పెరిడొటైట్, దొరికింది. అయితే ఆ అంచు జురాసిక్ తర్వాతిదైన క్రెటేషియస్ కాలంలో విడిపోయింది. దాని కొలతలను ఆల్ప్స్‌కు అంటగట్టకు.

నీ చిత్రంలో చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఒకే గీతతో గీశావు. ఊహకు చుక్కల గీత వాడు. వాక్యంలోనూ ‘ఉంది’కీ ‘ఉండి ఉండాలి’కీ తేడా పాటించు. కొండలు లేచేటప్పుడు పాత భ్రంశాల్లో కొన్ని మళ్లీ కదిలాయి కాబట్టి, వాటి దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. సవరించిన చిత్రాన్ని ముందు పంపు. వ్యాసం తర్వాత చూస్తాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి