నీళ్ల మీద పిరమిడ్ అంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

సందేహం: నిరుడే షికాగో దగ్గర నేపర్‌విల్‌కి వచ్చాం. మా పన్నెండేళ్ల అమ్మాయిని ఉత్తర విస్కాన్సిన్‌లో ఒక సమ్మర్ క్యాంప్‌లో చేర్పించాం. అక్కడి వాటర్‌స్కీ (కాళ్లకు స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని, బోటు తాడుతో లాగుతుంటే నీళ్ల మీద జారే ఆట) షో టీమ్‌లో చేరతానని పట్టుబట్టింది. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి నీళ్ల మీద దూసుకుపోయే వీడియో చూసినప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఒప్పుకోమంటారా?

ఒప్పుకోండమ్మా. అయితే అమ్మాయికి ఈత బాగా వచ్చి ఉండాలి. క్యాంప్‌కి వెళ్లగానే ఎలాగూ ఈత పరీక్ష పెడతారు. ఇంకా కొన్ని నెలలు టైమ్ ఉంటే మీ ఊరి పార్క్ డిస్ట్రిక్ట్ (పార్కులు, ఆటలు చూసుకునే స్థానిక సంస్థ) ఈత క్లాసుల్లో ఇప్పుడే చేర్పించండి. లైఫ్ జాకెట్ ఉంటుందిగా అని ఈతను వదిలేయకండి. నీళ్లంటే భయం పోవాలి, అసలు సంగతి అది.

విస్కాన్సిన్‌లో ఇది కొత్త సరదా కాదు. పక్కనే ఉన్న మిన్నెసోటా సరిహద్దులోని లేక్ పెపిన్ మీద 1922లో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు చెక్క పలకలు కట్టుకుని తొలిసారి వాటర్‌స్కీ చేశాడు. ఉత్తర విస్కాన్సిన్‌లోని మినాక్వా ఊళ్లో మిన్-ఆక్వా బ్యాట్స్ అనే వాటర్‌స్కీ టీమ్ 1950 నుంచి షోలు ఇస్తోంది.

మీకు భయం పుట్టించిన పిరమిడ్‌ను మొదటి రోజే నీళ్లలో కట్టరు. ముందు గడ్డి మీద కడతారు. కింద ముగ్గురు, మధ్యలో ఇద్దరు, పైన ఒకరు. ఎవరి తొడ మీద కాలు పెట్టి ఎక్కాలి, ఎవరు ముందు దిగాలి, ఇదంతా నేల మీదే ఒంటబట్టించాకే సరస్సులోకి దిగుతారు. దానికంటే ముందు ఒంటరిగా లేచి నిలబడటం రావాలి. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, చేతులు చాచి, స్కీల కొనలు నీళ్ల పైకి ఉంచి కూర్చోవాలి. పైకి లేపే పని బోటుది. తొందరపడి తాడును తన వైపు లాక్కున్న పిల్ల తటాలున పడుతుంది. పడుతున్నప్పుడు తాడు వదిలేయాలన్నది అందరికీ మొదట నేర్పే పాఠం. పడ్డాక రెండు చేతులూ తల మీద కలిపి చూపిస్తే, బాగానే ఉన్నానని బోటులోవాళ్లకు అర్థం.

ఇక మీరు క్యాంప్ వాళ్లను అడగాల్సినవి. బోటు నడిపేవాళ్లు కాకుండా, వెనక స్కీ చేసేవాళ్లనే చూస్తూ ఉండే మనిషి ఎవరు? విస్కాన్సిన్ చట్టం ప్రకారం అలాంటి మనిషి బోటులో ఉండి తీరాలి. షో జరిగేటప్పుడు, పడ్డవాళ్లను తీసుకురావడానికి వేరే బోటు ఉంటుందా? కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్, అమ్మాయి సైజుకు సరిపోయేది ఇస్తారా? తలకు దెబ్బ తగిలితే మళ్లీ ఎప్పుడు స్కీ చేయనిస్తారు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే క్యాంప్ మంచి క్యాంప్.

జడ మాత్రం గట్టి ముడి వేయించండి, వేలాడే జడ తాళ్ల దగ్గర ప్రమాదం. చెవులకు లోలాకులు, చేతికి గాజులు, మెడలో తాయెత్తు, అన్నీ ఇంట్లోనే తీసేసి పంపండి. మొక్కు దారమైనా సరే, నీళ్లలో దేనికైనా చిక్కుకుంటే కష్టం. కళ్లజోడు ఉంటే తలకు పట్టే పట్టీ కొనండి. షో డ్రెస్ గురించి మీకు ఇబ్బందిగా ఉంటే పొడుగు చేతుల స్విమ్ చొక్కా, నిండు లెగ్గింగ్స్ వేసుకోవచ్చా అని ముందే రాయండి. చివరి రోజు అడిగితే అమ్మాయికే నలుగురిలో సిగ్గుగా ఉంటుంది.

శాకాహారం, అలర్జీల సంగతి ఫారంలో రాయండి. మీ ఇన్సూరెన్స్ హెచ్‌ఎంఓ (తమ జాబితాలోని డాక్టర్ల దగ్గరే చూపించుకోవాల్సిన ప్లాన్) అయితే, పొరుగు రాష్ట్రంలో ఎమర్జెన్సీ కాని వైద్యానికి పనికొస్తుందో లేదో కనుక్కోండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. షోకి వెళ్లినప్పుడు “మా అమ్మాయిని పైన ఎందుకు పెట్టలేదు” అని కోచ్‌ను అడగొద్దు. మనవాళ్లు చాలామంది అడుగుతారు, పిల్లలు అది వింటారు. పైకి ఎక్కించేది తేలికగా ఉన్న పిల్లను. కింది వరసలో నిలబెట్టేది మాత్రం అలలు కొట్టినా కదలని పిల్లను. పైవాళ్ల బరువు మోస్తూ తాడు పట్టుకుని నిలబడాలంటే ఎంత సాధన కావాలో ఆలోచించండి. మీ అమ్మాయి అక్కడ ఉంటే అందరికంటే ముందు మీరే చప్పట్లు కొట్టండి.

వీలైతే క్యాంప్ మొదలయ్యేలోపు ముగ్గురూ ఒక షో చూసి రండి. మినాక్వాలో షో చూడటానికి టికెట్ కొనక్కర్లేదు. సాయంత్రం చలి వేస్తుంది, స్వెటర్లు పట్టుకెళ్లండి. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు.