బడ్డీ రిచ్ అనే జాజ్ డ్రమ్మర్‌కి అంత పేరెందుకు?

1917లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు రంగస్థల వినోదకారులు. రెండేళ్లు నిండకముందే పిల్లాడూ స్టేజీ ఎక్కి డ్రమ్ వాయించాడు. విచిత్రమేంటంటే, నొటేషన్ (కాగితం మీద రాసిన సంగీతం) చదవడం చివరిదాకా రాలేదు. కొత్త ట్యూన్‌ని వేరే డ్రమ్మర్ వాయిస్తే విని, ఆ తర్వాత తను అందుకునేవాడు. ఆర్టీ షా, టామీ డార్సీ బృందాల్లో పేరొచ్చింది. పెద్ద బ్యాండ్ల (చాలామంది కలిసి వాయించే జాజ్ బృందాల) కాలం అయిపోయాక, 1966లో, సొంతంగా పెద్ద బ్యాండే పెట్టాడు! డ్రమ్స్ మహా వేగంగా వాయించేవాడు. ఒక్క వేగమే అయితే ఇంత చెప్పక్కర్లేదు. ఆ వేగంలోనూ ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. నోటి దురుసు మాత్రం జాస్తి: బ్యాండ్ వాళ్లను తిట్టిన రికార్డింగులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 1987లో, మెదడులో కణితికి ఆపరేషన్ జరిగాక, చనిపోయాడు. కొత్తగా వినేవాళ్లయితే, తబలా ఉస్తాద్ అల్లా రఖాతో 1968లో వచ్చిన ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.