సజ్జ మీది పొడిని ఇప్పుడే దులపకండి

ప్రశ్న: మాది మణికొండలో ఫ్లాట్. గత ఏడాది ఆగస్టులో పాత టైల్స్ తీయించి కొత్తవి వేయించాం. వంటగదిలో క్వార్ట్జ్ ప్లాట్‌ఫామ్ పెట్టించాం. కాంట్రాక్టర్ రాళ్లు, టైల్స్ అన్నీ హాల్లోనే, చుక్క నీళ్లు పోయకుండా కోయించాడు. కొటేషన్‌లో డీప్ క్లీనింగ్‌కని 18,000 వేశాడు కానీ ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చీపుళ్లతో ఊడ్చి వెళ్లిపోయారు. ఏడాది దాటినా ఏసీ వేస్తే తెల్లటి పొడి రాలుతోంది. నా భార్యకు దగ్గు తగ్గడం లేదు, ఆరేళ్ల పాపకు రాత్రిళ్లు ఆయాసం. రాళ్లు కోస్తే లేచే సిలికా దుమ్ము గురించి చదివాక మాకు నిద్ర పట్టడం లేదు. పనులు జరిగేటప్పుడు పై ఫ్లాట్ ఆయన అసోసియేషన్ గ్రూపులో మా మీదే దుమ్ము గొడవ పెట్టాడు తప్ప ఒక్కరూ మా బాధ పట్టించుకోలేదు. మొత్తం 6,40,000 యూపీఐలో కట్టాను. నా పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయడంతో చాట్ పోయింది. నా భార్య ఫోన్‌లో మాత్రం ‘ఇంటి పని’ గ్రూపు ఉంది. తెలిసిన డాక్టర్ ఒకరు ‘సిలికా వల్లే జబ్బు’ అని సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. హత్యాయత్నం కేసు పెట్టవచ్చా? లేక రెండు మూడేళ్లు ఆగి, స్కానింగ్‌లో జబ్బు తేలాక 20 లక్షలకు దావా వేయాలా? దసరాకి ఇల్లంతా దులిపించి రంగులు వేయిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ దులపడం ఆపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం నిండా దగ్గు, ఆయాసం, నిద్రలేని రాత్రులు ఉన్నాయి. వాటి మధ్య దారిన పోతూ రాసినట్టు ఒక్క వాక్యం రాశారు: డీప్ క్లీనింగ్‌కని 18,000 వేశాడు, చీపుళ్లతో ఊడ్చి వెళ్లిపోయారు. మీ కేసు మొత్తం ఆ వాక్యంలోనే ఉంది. డబ్బు తీసుకుని చేస్తానన్న పని చేయలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) దీన్నే సేవాలోపం అంటుంది. నిర్లక్ష్యంతో వినియోగదారుడికి నష్టం కలిగించడం, తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. ఇక్కడ జబ్బును రుజువు చేయాల్సిన పని లేదు. ఇంట్లో ప్రమాదకరమైన పొడి మిగిలి ఉందని, దాన్ని తీసే బాధ్యత అతనిదని చూపిస్తే చాలు.

జబ్బు మీద కేసు కట్టాలనుకుంటే మాత్రం మీరే ఓడిపోయే దారి ఎంచుకుంటున్నారు. సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, మామూలుగా ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చిన వాళ్లకు వస్తుంది. దుమ్ము మరీ ఎక్కువైన చోట కొన్ని నెలల్లోనే ముదిరిన సందర్భాలూ ఉన్నాయి కానీ, వాళ్లు దుమ్ములో పని చేసిన కార్మికులు. కొన్నాళ్లు కటింగ్ జరిగిన ఇంట్లో ఉన్నందుకు దగ్గు వచ్చిందంటే, ఆ దగ్గుకు ఇంకో పది కారణాలు ఉండవచ్చని అవతలి లాయర్ అంటాడు, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ కూడా ఒప్పుకుంటుంది. నిజానికి భయపడాల్సింది మీ హాల్లో మొహానికి దస్తీ కట్టుకుని కట్టర్ పట్టిన కుర్రాడి గురించి. సిలికోసిస్ వృత్తి వ్యాధిగా కార్మిక చట్టం షెడ్యూల్‌లో ఉన్నది అలాంటి వాళ్ల కోసమే. క్వార్ట్జ్ పలకలు కోసే కార్మికులకు ఈ జబ్బు వస్తోందనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది.

పాపను, మీ ఆవిడను ఊపిరితిత్తుల డాక్టరుకు తప్పకుండా చూపించండి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది, నిమ్స్ ఉంది. అది కేసు కోసం కాదు, వాళ్ల కోసం. బిల్లులు దాచండి.

ఇక పొడి సంగతి. కాంట్రాక్టర్ కమిషన్‌కు ఇచ్చే జవాబులో రాయించబోయే మొదటి మాట నాకు ఇప్పుడే కనిపిస్తోంది: ‘అది సిలికా కాదు, గోడల పుట్టీ పొడి.’ తెల్లగా ఉన్నంత మాత్రాన సిలికా కాదు మరి. ఫాల్స్ సీలింగ్‌ది జిప్సం. మార్బుల్ పొడి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. గ్రానైట్ పేరుతో అమ్మే నల్లరాళ్లన్నీ ఒకటి కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయి భూగర్భ శాస్త్రం లెక్కలో గాబ్రో జాతి, అందులో క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా, చాలా తక్కువ. మీ వంటగది క్వార్ట్జ్ పలక దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఈ రకం పలకల్లో 90 శాతానికి పైగా సిలికా ఉండేవే ఎక్కువ. పాత టైల్స్ తీసేటప్పుడు చిప్పింగ్‌లో లేచిన సిమెంటు, ఇసుక గచ్చులోనూ సిలికా ఉంటుంది. క్యాన్సర్ పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ పీల్చే స్ఫటిక సిలికాను 1997లోనే ఒకటో వర్గం క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. మీ ఇంట్లో ఉన్నది ఇందులో ఏది? నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు, ల్యాబ్ చెప్పాలి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో పొడిలో క్వార్ట్జ్ ఎంత శాతమో తేలుతుంది. ఒక పరిమితి గుర్తుంచుకోండి: రాలిన పొడి పరీక్ష ఇంట్లో ఏముందో చెబుతుంది, మీరు గాలిలో ఎంత పీల్చారో చెప్పదు. మన కేసుకు మొదటిదే కావాలి.

ఏడాదైంది కదా, ఇంకేం మిగిలిందని అనుకోకండి. చీపురు అందని చోటే మీ సాక్ష్యం ఉంది. వంటగది క్యాబినెట్ల పైన, సజ్జ మీద, ఫాల్స్ సీలింగ్ లోపల, ఏసీ లోపలి కాయిల్ మీద. దసరా దులుపుళ్లలో అదంతా పోతే కేసూ చెత్తబుట్టలోకి పోతుంది.

శాంపిల్ మీరే స్పూనుతో గీకి డబ్బాలో వేస్తే పనికిరాదు. ముందు కాంట్రాక్టర్‌కు తేదీ, టైము చెప్పి రాయండి: ఫలానా రోజు శాంపిల్ తీయిస్తున్నాం, వచ్చి చూసుకో అని. వారం గడువివ్వండి. వాట్సాప్‌లోనూ పెట్టండి, స్పీడ్ పోస్టులోనూ పంపండి. అతను రాకపోతే ఆ రాకపోవడం కూడా మనకు సాక్ష్యమే. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉండి ఈ పరీక్ష చేసే ల్యాబ్ మనిషిని పిలవండి. మూడు చోట్ల నుంచి తీయించండి, ప్రతి చోటా ముందు ఫోటో. ఒక్కో శాంపిల్ రెండు భాగాలు చేసి సీలు వేయించండి, ఒకటి ల్యాబ్‌కు, ఇంకోటి కమిషన్ అడిగితే ఇవ్వడానికి. పంచనామాలాగా ఒక కాగితం రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. మిగిలిపోయిన టైల్, క్వార్ట్జ్ ముక్కలు బాల్కనీలోనో డక్టులోనో పడి ఉంటాయి, పారేయకండి. ఆ పొడి ఆ రాయిదేనని పోల్చడానికి కావాలి.

పై ఫ్లాట్ ఆయన మీద కోపం మానేయండి. మీకున్న సాక్షుల్లో గొప్పవాడు ఆయనే. మీతో గొడవపడుతూ అసోసియేషన్ గ్రూపులో పెట్టిన ఆ మెసేజ్ మీద తేదీ ఉంది, టైము ఉంది, మీకు మేలు చేయాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. అలాంటి మాటకు కమిషన్ ఇచ్చే విలువ మీ చుట్టం అఫిడవిట్‌కు ఇవ్వదు. వెళ్లి ఓ కప్పు టీ తాగి, పంచనామా మీద సాక్షి సంతకం కూడా ఆయన్నే అడగండి. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో ఆ రోజుల్లో ఎవరెవరు వచ్చారో ఉంటుంది, ఆ పేజీలకు సెక్రటరీ సంతకంతో కాపీలు తీసుకోండి.

ఫోన్ విషయంలో మాత్రం తిట్టక తప్పదు. ఆరు లక్షల పైచిలుకు పని, సంతకం పెట్టిన వర్క్ ఆర్డర్ లేదు. కొటేషన్ ఉన్న ఫోన్‌ను ఎక్స్‌చేంజ్ ఆఫర్‌కు ఇచ్చేశారు. మీ ఆవిడ ఫోన్ లేకపోతే ఈ జవాబు రెండు లైన్లలో అయిపోయేది. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, ఆ గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఈ రాత్రే ఆపేయండి. గ్రూపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళ్తే అభ్యంతరం వస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ వాడే మీ ఆవిడ, రెండో భాగం ఒక నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే సంకేతం) కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అంత బిగించి పట్టుకోదు, కానీ అవతలివాళ్లకు ఆ సందు ఎందుకివ్వాలి? బ్యాంకు నుంచి యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంట్ ముద్రతో తీసుకోండి.

ఇప్పుడు గడువు. ‘రెండు మూడేళ్లు ఆగి’ అని రాశారు. ఆగితే కేసే ఉండదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కుర్రాళ్లు ఊడ్చి వెళ్లి ఇల్లు మీ చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి, అంటే వచ్చే ఏడాది ఆగస్టుతో సరి. పొడి ఇంకా రాలుతోంది కాబట్టి గడువు కూడా సాగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆలస్యాన్ని క్షమించమని అడిగే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది, కానీ జబ్బు తేలేదాకా కూర్చున్నామన్నది సరైన కారణం కాదని నా అభిప్రాయం. నోటీసులు పంపుతూ, ‘చూద్దాంలే సార్’ అనిపించుకుంటూ ఉన్నా గడియారం ఆగదు. తర్వాత ఎప్పుడైనా నిజంగా జబ్బు బయటపడితే దాని మీద హక్కు వదులుకోవడం లేదని ఫిర్యాదులో ఒక వాక్యం రాయించండి.

సర్టిఫికెట్ ఇస్తానన్న ఆ డాక్టర్ దగ్గరకు ఈ పని మీద మళ్లీ వెళ్లకండి. పరీక్ష లేకుండా ‘సిలికా వల్లే’ అని రాసిన కాగితాన్ని కమిషన్ ముందు పెడితే, అవతలివాళ్లు ఆ డాక్టర్‌కు ప్రశ్నలు పంపమని అడుగుతారు. ఏ స్కాన్ చూసి రాశారు, ఏ లెక్కన రాశారు అని. అప్పుడు ఆయన తప్పుకుంటాడు, మీరు మిగులుతారు. కేసు కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. కేసు పోవడం అటుంచి, మీ దగ్గరున్న మంచి సాక్ష్యాన్ని కూడా ఆ ఒక్క కాగితం అబద్ధంలా కనిపించేట్టు చేస్తుంది. హత్యాయత్నం ఊసే వద్దు. అదే సంహితలోని సెక్షన్ 109కి చంపాలన్న ఉద్దేశమైనా, చావు తప్పదన్న ఎరుకైనా ఉండాలి, ఇతనికి ఉన్నది ఒళ్లు బద్ధకం.

శాంపిల్ తీసిన మర్నాడే శుభ్రం చేయించండి, తీర్పు దాకా ఆ పొడిలో ఉండకండి. నష్టం తగ్గించుకునే దారి చేతిలో ఉంటే వాడుకోవాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 వివరణ చెబుతుంది. పెంచుకున్న నష్టానికి పరిహారం రాదు. పనిమనిషికి చీపురిచ్చి చేయించే పని కాదిది. పొడిగా ఊడిస్తే కంటికి కనిపించని సన్న రేణువులు లేచి గంటల తరబడి గాలిలోనే ఉంటాయి, ఊపిరితిత్తుల లోపలికి పోయేవి అవే. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాటిని వెనక నుంచి మళ్లీ గదిలోకి ఊదుతుంది, కాబట్టి సన్న రేణువులను పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న పారిశ్రామిక మిషన్ ఉన్నవాళ్లనే పిలవండి. ఫ్యాన్లు, ఏసీలు ఆపాలి. పై నుంచి కిందికి రావాలి. ముందు సజ్జలు, ఫ్యాను రెక్కల పైభాగం, క్యాబినెట్లు, చివర నేల. సన్నగా నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడవాలి, గుడ్డను విదిలించకూడదు, బకెట్ నీళ్లు తరచూ మార్చాలి. ఏసీ మెకానిక్ బ్లోయర్ తెస్తే గుమ్మంలోనే ఆపేయండి, సంచి కట్టి నీళ్లతోనే కడగాలి. చేసేవాళ్లకు ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కులు ఉండాలి, దస్తీలు, సర్జికల్ మాస్కులు చాలవు. ఆ రోజు పాపను ఇంకెక్కడైనా ఉంచండి. బురదను సింకులో పోయకండి. మందపాటి సంచుల్లో మూట కట్టి నిర్మాణ వ్యర్థాలు తీసుకెళ్లే బండికి ఇవ్వండి, జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వాటి ప్లాంట్లు ఉన్నాయి. రంగులవాళ్లు గోడలు గీకేటప్పుడు కూడా తడిపి గీకమనండి.

ఆ క్లీనింగ్ బిల్లే మీ ఫిర్యాదుకు వెన్నెముక, జీఎస్టీ నంబరుతో, ఏ విధానంలో చేశారో రాయించి తీసుకోండి. 18,000 వాపసు, ఈ బిల్లు, ఏసీ సర్వీసు, ల్యాబ్ ఫీజు, డాక్టర్ ఖర్చులు, మానసిక వేదనకు సబబైన మొత్తం, కోర్టు ఖర్చులు అడగండి. 20 లక్షలు అడిగితే ఎక్కువొస్తుందన్న ఆశ వదిలేయండి. పరిధి నిర్ణయమయ్యేది మీరు కట్టిన 6,40,000 బట్టి. అందుకని రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే, 200 రూపాయల ఫీజుతో, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. లాయర్ ఉండి తీరాలని లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి చూడండి, కొందరు కాంట్రాక్టర్లు అక్కడే దిగివస్తారు.

నోటీసు అందగానే ‘ఆ 18,000 ఇచ్చేస్తా సార్’ అని ఫోన్ వస్తుంది. తీసుకోండి. ‘నాకిక ఏ క్లెయిమూ లేదు’ అని అతను టైపు చేయించి తెచ్చే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. రసీదులో ‘క్లీనింగ్ మొత్తం మాత్రమే ముట్టింది, మిగతా క్లెయిమ్‌లు అలాగే ఉన్నాయి’ అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకున్నాకే అతనికివ్వండి.